బంతి అందించిన చేతులు

ధ్యాన భాగము: 1 సమూయేలు 30:21–25



కూలికొరకో చదువుకొరకో మన పల్లెలనుండి హైదరాబాదునకు వెళ్లిన బిడ్డలు, ఫలక్‌నుమాకు పోవు రైలులో యాకుత్‌పురా స్టేషనును చూచియుందురు. పూర్వము నగరమునకున్న కోటగోడలో ఆ పేరుగల దర్వాజా యొకటి యుండెను. ఇప్పుడది ఇరుకు సందుల పేట. అట్టి సందులో ఒక ఆడపిల్ల బంతి చేతపట్టిన యెడల ఇరుగుపొరుగువారు అడుగు ప్రశ్న యేది? “ఆట నీకు కూడు పెట్టునా?” అని. మన పల్లెలలోను అదే ప్రశ్న. పిల్ల కొంచెము పొడుగైనచో తాడిచెట్టని ఎగతాళి. దీనికి వరుడెక్కడ దొరకునని తల్లికి దిగులు.

ఈ ప్రశ్న విన్నప్పుడెల్ల, మన పొరుగు ద్వీపమైన శ్రీలంకలోని ఒక స్త్రీ నాకు జ్ఞాపకమునకు వచ్చును. ఆమె పేరు తర్జిని శివలింగం. జాఫ్నా ప్రాంతపు తమిళుల బిడ్డ. 1983 మొదలు 2009 వరకు యుద్ధము నలిపిన దేశము ఆమెది. ఆమె ఎత్తు 6 అడుగుల 10 అంగుళములు. ఆమె ఆడిన ఆట నెట్‌బాల్.

ఈ ఆటను ఎరుగనివారికి కొంచెము చెప్పవలెను. 1891లో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డు పట్టణమున, వై.ఎం.సి.ఏ. వారి శిక్షణ పాఠశాలలో నైస్మిత్ అను ఉపాధ్యాయుడు బాస్కెట్‌బాల్ ఆటను కల్పించెను. అది ఇంగ్లండు చేరి, స్త్రీల చేతులలో మారి నెట్‌బాల్ అయ్యెను. జట్టుకు ఏడుగురు. పది అడుగుల ఎత్తున ఒక ఇనుప కడియము. దానిలోనుండి బంతి పడిన యెడల గోలు. అయితే దీని నియమములు వింతైనవి. బంతి చేతనున్నప్పుడు పరుగెత్తరాదు. మూడు సెకండ్లలో దానిని మరియొకరికి అందించవలెను, లేదా కడియములో వేయవలెను. ప్రతివారికి ఇంత స్థలమని గీత గీయబడియుండును; దానిని దాటరాదు. గోలు వేయు అధికారము ఏడుగురిలో ఇద్దరికి మాత్రమే కలదు. గోల్ కీపరు ఆట ముగియువరకు చెమటోడ్చినను ఒక్క గోలునైనను వేయజాలదు. ఆమె స్థలము అవతలి కొసనున్నది.

తర్జిని గోలు వేయు స్థలమున నిలుచునది. 2009లో శ్రీలంక ఆసియా విజేతయైనప్పుడు ఆమె ఆ జట్టులో నుండెను. తరువాత ఈ ఆటను ఘనముగా ఎంచు ఆస్ట్రేలియాకు పోయి అక్కడి క్లబ్బుల తరఫున ఆడెను. 2018లో మరల తన దేశపు జట్టుతో కూడి సింగపూరులో ఆసియా విజయమును చూచెను. ఏ పొడుగు ఎగతాళికి తగినదని లోకము ఎంచునో, ఆ పొడుగే ఆమె జట్టునకు ఆధారమాయెను.

2019లో లివర్‌పూల్ పట్టణమున ప్రపంచ కప్ జరిగెను. పదునారు జట్లు వచ్చెను. ఆ పోటీలన్నిటిలోను అందరికంటె ఎక్కువ గోలులు వేసినది తర్జినియే, 348 గోలులు. మరి ఆమె జట్టు ఏ స్థానమున నిలిచెను? పదునారింటిలో పదునైదవ స్థానమున!

ప్రియులారా, ఈ రెండు అంకెలను ప్రక్కప్రక్కన పెట్టి చూడుడి. ఒక్కరు ఎంత ఘనులైనను ఒక్కరే జట్టు కాజాలరు. ఇదొక పాఠము. రెండవ పాఠము ఇంతకంటె లోతైనది. ఆ 348 సారులును ఆమె బంతిని తాను మోసికొని రాలేదు. ఆట నియమమే దానిని ఒప్పదు. ప్రతిసారియు ఎవరో ఒకరు దానిని ఆమె చేతికి అందించిరి. ఫలకముమీద వ్రాయబడునది గోలు మాత్రమే. అందించిన చేతులను ఎవరు లెక్కించుదురు?

దావీదు లెక్కించెను. సిక్లగును దోచినవారిని తరుముటకు అతడు ఆరువందలమందితో బయలుదేరెను. బెసోరు వాగునొద్ద రెండువందలమంది అలసి, దాటలేక సామానునొద్ద నిలిచిపోయిరి. నాలుగువందలమంది పోయి జయించి, సొమ్ముతో తిరిగివచ్చిరి. అప్పుడు వారిలో కొందరు, రానివారికి సొమ్ములో పాలు లేదనిరి. మేము గెలిచితిమి, మీరేమి తెచ్చితిరి అను ప్రశ్నయే వారిది. ఆ గెలుపు దేవుడిచ్చినదని ఎరిగిన దావీదు అందుకు ఒప్పలేదు. యుద్ధమునకు పోయినవానికిని సామాను కాచినవానికిని సమభాగమే అని తీర్పు చెప్పెను. ఆ తీర్పు ఇశ్రాయేలీయులకు కట్టడగా నిలిచెను.

మన సంఘములలో ఈ కట్టడ నిలిచియున్నదా? గుడి గోడమీద చలువరాతి పలకలో దాతల పేర్లు చెక్కుదుము. ఇటుకలు మోసిన కూలి స్త్రీల పేర్లు ఎచ్చట? ప్రసంగము బాగున్నదని బోధకుని మెచ్చుకొందుము. తెల్లవారక మునుపే గుడి ఊడ్చి చాపలు పరచిన వృద్ధురాలిని ఎవరు పలుకరించిరి? కోతపండుగలో పెద్ద బస్తా తెచ్చినవాని పేరు గట్టిగా చదువుదుము. చేరెడు గింజలు తెచ్చిన విధవరాలు వెనుక నిలుచుండును. పెద్దల ఎన్నికలు వచ్చినప్పుడు అందరమును గోలు వేయు స్థలమే కోరుదుము. బంతి చేతికి దొరికిన యెడల మూడు సెకండ్లు కాదు, ముప్పది యేండ్లు విడువము!

ఆడపిల్లలను గూర్చి ఒక మాట. “ఆట కూడు పెట్టునా?” అను ప్రశ్నను నేను తేలికగా ఎంచను. కూలి దొరకని దినమున పొయ్యి వెలుగని ఇండ్లు మనకు తెలియును. ఆటవలన జీవనము దొరకువారు కొద్దిమందియే. మోకాలు దెబ్బతినినచో ఆ కొద్దియు పోవును. అయితే బిడ్డ ఏమి తెచ్చునని మాత్రమే అడుగు ఇల్లు, బెసోరు వాగునొద్ద సణిగినవారి ఇల్లగును. ఆమె గెలిచి తెచ్చినను, తేలేక ఇంట నిలిచినను, మన బల్లయొద్ద ఆమె పాలు ఆమెదే. ఆమెకు దేవుడిచ్చిన ఎత్తును గాని బలమును గాని ఎగతాళి చేయకుడి. నిలుచుటకు ఆమెకొక చోటు ఇయ్యుడి.

ఈ నెలలో ఒక పని చేయుడి. మీ చేతికి బంతి అందించినవారు ఒకరిని తలంచుకొనుడి: అక్షరములు దిద్దించిన పంతులమ్మ, ఫీజుకొరకు ముక్కుపుడక కుదువపెట్టిన అమ్మ, చేను కాచిన తమ్ముడు. వారి యింటికి పోయి, పేరుపెట్టి పిలిచి, వందనము చెప్పుడి. ఆలస్యము చేయవద్దు.

ప్రార్థన: ప్రభువా, మరుగున నిలిచినవారిని నీవు మరువవు. మాకిచ్చిన స్థలమున మేము నమ్మకముగా నిలుచునట్లును, మా చేతనున్నదానిని సంతోషముతో అందించునట్లును కృప దయచేయుము. ఆమేన్.