పసిబిడ్డ తరఫున ఎవరు ఒప్పుకోవాలి?

గౌచర్ వ్యాధిలో గ్లూకోసెరెబ్రోసైడేజ్ అనే ఎంజైము లోపిస్తుంది. అది కరిగించాల్సిన కొవ్వు పదార్థం కణాల్లో పేరుకుపోయి కాలేయం, ప్లీహం ఉబ్బుతాయి, రక్తం తగ్గుతుంది, ఎముకలు గుల్లబారతాయి. తల్లిదండ్రులిద్దరిలోనూ లోపమున్న జన్యువు ఒక్కొక్కటి ఉంటే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. మేనరికాల్లో అలాంటి ఇద్దరు జతపడటం మరింత సులువు. కోనసీమలో ఈ జబ్బు పేరు 2022లో అందరి నోటా వినబడింది. వరద ప్రాంతాలు చూడవచ్చిన అప్పటి ముఖ్యమంత్రికి ఒక చిన్నారి తల్లిదండ్రులు మొర పెట్టుకోగా, ప్రభుత్వం కోటి రూపాయలు మంజూరు చేసింది. అమలాపురం ఏరియా ఆసుపత్రిలోనే ఎంజైము ఇంజెక్షన్లు మొదలయ్యాయి.

ఇలాంటి వైద్యంలోని ధర్మసందేహాలను ఒక పిల్లల డాక్టరు, ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు మాట్లాడుకుంటున్నట్టు ఊహించి పరిశీలించవచ్చు.

మాస్టారు: రెండు వారాలకోసారి సూది, అదీ బతికినన్నాళ్లూ! మూలకణాలు మారిస్తే ఒక్కసారితో పోతుందంటారు కదమ్మా, అదే చేయొచ్చుగా?

డాక్టరు: నిజమేనండీ. ఆ కొవ్వుతో ఉబ్బే కణాలు ఎముక మజ్జలోని మూలకణాల నుంచే పుడతాయి. ఆరోగ్యవంతుల మజ్జ ఎక్కిస్తే, కొత్తగా పుట్టేవి ఎంజైముతోనే పుడతాయి. కానీ ముందు బిడ్డ సొంత మజ్జను కీమో మందులతో చంపాలి. ఆ వారాల్లో చిన్న ఇన్‌ఫెక్షనైనా ప్రాణం తీయొచ్చు. తర్వాత దాత కణాలు బిడ్డ చర్మం మీద, పేగుల మీద దాడి చేయొచ్చు. 1991 నుంచి ఎంజైము మందు ఉంది. మెదడుకు సోకని రకానికి అది బాగా పనిచేస్తుంది. అలాంటప్పుడు పసిప్రాణాన్ని పందెం ఒడ్డడం నాకు ధర్మమనిపించదు.

ఇలాగే మరో ఎంజైము లోపించే హర్లర్ సిండ్రోముకు ఈ జవాబు చెల్లదు. దానికీ 2003 నుంచి ఎంజైము మందు ఉంది గానీ, రక్తం నుంచి మెదడులోకి అది చేరదు. మెదడు దెబ్బతిని, బిడ్డ నేర్చుకున్న మాటలే మరిచిపోతుంది. మూలకణాల మార్పిడి చేస్తే దాత కణాల సంతతి నెలల తరబడి మెల్లగా మెదడులో స్థిరపడి, చుట్టుపక్కల కణాలకూ ఎంజైము అందిస్తుంది. 1980లో లండన్‌లో హాబ్స్ బృందం ఈ దారి తెరిచింది. రెండు, రెండున్నరేళ్ల లోపు చేస్తేనే మంచి ఫలితం. పోయిన తెలివి మాత్రం తిరిగిరాదు.

మాస్టారు: బిడ్డ సరేననలేదు, వద్దనలేదు. ఆ పందెం కాసే హక్కు మనకెక్కడిది?

డాక్టరు: అడిగే వయసు వచ్చేదాకా ఆగితే, జవాబు చెప్పే బుద్ధినే జబ్బు తినేస్తుంది మాస్టారూ. ఆగుదామనుకోవడం కూడా బిడ్డ తరఫున మనం చేసిన నిర్ణయమే.

మాస్టారు: సరే, ఒప్పుకున్నాను. మరి మజ్జ ఇచ్చే ఆరేళ్ల అక్క సంగతేమిటి? ఆ పిల్లకు జబ్బు లేదు. మత్తిచ్చి తుంటి ఎముకలో సూదులు గుచ్చుతారు. అక్కడ మీ వాదన నిలుస్తుందా?

డాక్టరు: అంత గట్టిగా నిలవదండీ. తీసిన మజ్జ మళ్లీ పెరుగుతుంది, ప్రమాదం తక్కువ. తమ్ముడు బతికితే ఆ పిల్లకీ మేలేనంటాం. ఆ మాట అనేది మనమే గానీ, ఆ పిల్ల కాదు. దానం చేసిన బొడ్డుతాడు రక్తం సరిపడేది దొరికితే ఈ చిక్కే ఉండదు.

ఇక్కడ మాస్టారి పక్షమే బలమైనది. తోబుట్టువుల్లో ఇద్దరికి కణజాలం పూర్తిగా కలిసే అవకాశం నాలుగింట ఒకటే. కలిసిన ఆ ఒక్కరి మీదే ఇంటిల్లిపాది ఆశా పడుతుంది. అందుకే రోగిని చూసే డాక్టరు కాకుండా, దాత బాగోగులు మాత్రమే చూసే మరో డాక్టరు తప్పకుండా ఉండాలి.

డబ్బు దగ్గర రెండు జబ్బుల దారులూ వేరవుతాయి. 2021 జాతీయ అరుదైన వ్యాధుల విధానం కింద 2022 నుంచి ఒక్కో రోగికి 50 లక్షల దాకా సాయం అందుతోంది. హైదరాబాదులో సీడీఎఫ్‌డీ, నిమ్స్ కలిసి ఇందుకు గుర్తింపు పొందిన కేంద్రం. ఒక్కసారి చేసే మార్పిడికి ఈ సొమ్ము పెద్ద ఆసరా. గౌచర్ మందుకు మాత్రం మోతాదు బరువును బట్టి ఉంటుంది కనుక, బిడ్డ ఎదిగేకొద్దీ ఖర్చూ పెరుగుతుంది.

మాస్టారు: ఒక్క బిడ్డకు కోటి పెడితే, ఆ కోటితో ఎందరికి వైద్యం జరిగేదో అని అడిగేవాళ్లకు ఏం చెప్తారు?

డాక్టరు: ఆ లెక్క బడ్జెట్ వేసేనాడు వేయాలండీ, బిడ్డను ఒళ్లో పెట్టుకుని వచ్చిన తల్లి ముందు కాదు. మొదలుపెట్టిన మందును మధ్యలో ఆపడం అంతకన్నా అన్యాయం.

జబ్బును తొందరగా పట్టుకోవడానికి కోనసీమలోని రాజోలు నుంచి బిడ్డను హైదరాబాదుకు మోసుకెళ్లక్కర్లేదు. ప్రత్యేకమైన కాగితం మీద ఎండబెట్టిన రక్తపు చుక్కలను ప్రయోగశాలకు పంపినా రెండు జబ్బుల ఎంజైములనూ కొలవవచ్చు. తక్కువని తేలితే తెల్లరక్తకణాల్లో మరోసారి కొలిచి, జన్యు పరీక్షతో ఖాయపరుస్తారు. లోపం ఏ జన్యుమార్పు వల్లనో తెలిస్తే, తల్లి మళ్లీ గర్భవతి అయినప్పుడు మూడో నెల చివర్లోనే కడుపులోని బిడ్డకూ పరీక్ష చేయవచ్చు.