నికాహ్ ఖుత్బా ఎవరి కోసం?

నికాహ్ సభలో ఖాజీ సాహెబ్ అరబ్బీలో చదివే ఖుత్బాను మనం ఎన్నోసార్లు విన్నాం. అందులో సాధారణంగా ఆలి ఇమ్రాన్, నిసా, అహ్‌జాబ్ సూరాల వాక్యాలు పఠించబడతాయి. వాటిలో విందు ప్రస్తావన లేదు, సారెచీరెల ప్రస్తావన లేదు. మాటిమాటికీ వచ్చే ఆదేశం ఒక్కటే: అల్లాహ్ పట్ల భయభక్తులు కలిగి ఉండమని. ఈ మాట ఎవరి చెవిన పడుతోంది? వధువు ఆ సభలో ఉండదు. వకీలు, సాక్షులు లోపలి గదికి వెళ్ళి ఆమె సమ్మతి తీసుకుని వస్తారు. ఖుత్బాకు ఎదురుగా కూర్చునేది వరుడు, అతని తండ్రి, అన్నదమ్ములు, మిత్రులు. అందరూ మగవారే. అర్థం తెలియక మనం ఖర్జూరాల పళ్ళెం కోసం ఎదురుచూస్తూ ఉంటాం.

హిజ్రీ 10వ సంవత్సరం (క్రీ.శ. 632) అరఫాత్ మైదానంలో కూడా దైవప్రవక్త (సఅసం) స్త్రీల విషయంలో దైవానికి భయపడమని పురుషులనే హెచ్చరించారు. ఆయన తన చేత్తో ఏ స్త్రీని గానీ, సేవకుణ్ణి గానీ ఎన్నడూ కొట్టలేదని హజ్రత్ ఆయిషా (రజి) సాక్ష్యమిచ్చారు (ముస్లిం).

మదీనాలో జరిగిన ఒక సంఘటన ఆలోచించదగ్గది. స్త్రీలను కొట్టరాదని ప్రవక్త (సఅసం) వారించారు. వారు భర్తల మీద తెగిస్తున్నారని హజ్రత్ ఉమర్ (రజి) విన్నవించుకోగా కొంత సడలింపు లభించింది. అంతే, ఎందరో స్త్రీలు ప్రవక్త ఇంటికి వచ్చి తమ భర్తల గురించి మొరపెట్టుకున్నారు. అలా కొట్టేవారు మీలో మంచివారు కారని ఆయన అందరికీ తేల్చిచెప్పారు (అబూదావూద్). మొర పెట్టుకున్నవారికి సహనం బోధించి పంపలేదు, గమనించండి.

సూరా నిసా 34వ వాక్యాన్ని చూపించే సోదరులు కొందరున్నారు. అదే సూరా 19వ వాక్యంలో స్త్రీలతో ఉత్తమ రీతిలో కాపురం చేయమన్న ఆజ్ఞ వారికి గుర్తుండదు. 34వ వాక్యం గురించి అడిగినప్పుడు హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) మిస్వాక్‌ను ప్రస్తావించారు. మక్కా ధర్మవేత్త అతా బిన్ అబీ రబాహ్ (రహ్మలై) అయితే భార్య మాట వినకపోయినా కొట్టరాదనీ, కోపం చూపితే చాలుననీ అన్నారు. పండ్లు తోముకునే పుల్లకూ నడుముకు కట్టే బెల్టుకూ తేడా తెలియనివారెవరు?

ఇక మగపిల్లల సంగతి. అంతిమ హజ్‌లోనే యువకుడైన ఫజ్ల్ బిన్ అబ్బాస్ (రజి) ప్రవక్త (సఅసం) వెనుక వాహనంపై కూర్చుని ఉన్నారు. ఖస్అమ్ తెగకు చెందిన ఒక స్త్రీ, వృద్ధుడైన తన తండ్రి తరఫున హజ్ చేయవచ్చునా అని అడగడానికి వచ్చింది. ఫజ్ల్ ఆమె వైపే చూడసాగారు. ప్రవక్త (సఅసం) తన చేత్తో ఆ యువకుని ముఖాన్ని పక్కకు తిప్పేశారు. ఆమెను మాత్రం వెనక్కి పంపలేదు, ప్రశ్నకు జవాబిచ్చారు (బుఖారీ). మనం చేసేదేమిటి? వీధి చివర కుర్రాళ్ళు వెంటపడుతున్నారని తెలిస్తే మన అమ్మాయి చదువు మాన్పిస్తాం. ఆ కుర్రాళ్ళ ముఖం తిప్పేవారు లేరు. వారిలో మన అబ్బాయి కూడా ఉండవచ్చు.

పదేళ్ళ పిల్లవాడు తిన్న కంచం ఎత్తడు, చెల్లెలు ఎత్తాలి. అబ్బా అమ్మీని నలుగురి ముందు నీచంగా తిడుతుంటే వాడు గుమ్మం దగ్గర నిలబడి వింటాడు. వాడికి అదీ ఒక మదరసాయే. మక్తబ్‌లో భోజన దుఆ కంఠస్థం చేయిస్తున్నాం, మంచిదే. ప్రవక్త (సఅసం) ఇంట్లో ఉన్నంతసేపూ ఇంటివారి పనుల్లో పాలుపంచుకునేవారనీ, నమాజు వేళకు లేచి వెళ్ళేవారనీ తెలిపే హదీసు కూడా వాడికి నేర్పాలి కదా! జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21)లో మన రెండు తెలుగు రాష్ట్రాల్లో నూటికి 80 మందికి పైగా స్త్రీలే, ఫలానా కారణాలుంటే భర్త కొట్టడం సబబేనన్నారు. ఇది ఏ ఒక్క మతస్తుల లెక్కా కాదు. దెబ్బ తినేవారికే అది న్యాయమనిపించేలా పెంచామన్నమాట.

దౌర్జన్యం చేసే సోదరునికి సహాయపడటమంటే అతణ్ణి ఆ పని నుండి ఆపడమేనని హదీసు (బుఖారీ). పక్కింట్లో ఏడుపు వినబడితే 'మియాబీవీ వ్యవహారం' అని టీవీ శబ్దం పెంచేవారు ఆ హదీసును ఎలా అమలుచేస్తారు?

పెద్దలు ఆడపిల్లకే సబ్ర్ బోధిస్తారు. హజ్రత్ హబీబా బిన్తె సహ్ల్ (రజి) భర్త దెబ్బలకు గాయపడి వేకువనే ప్రవక్త (సఅసం) గుమ్మం ముందు నిలబడ్డారు. ఆయన ఆమెను సర్దుకుపొమ్మనలేదు. భర్తను పిలిపించి, మహర్‌గా ఇచ్చిన తోటలు అతనికి తిరిగి ఇప్పించి విడదీశారు. మన దేశంలోనూ గృహహింస నుండి రక్షణ కల్పించే 2005 నాటి చట్టం 2006 అక్టోబరు 26 నుండి అమలులో ఉంది. 181కు ఫోన్ చేస్తే సహాయం అందుతుంది. ఆ తలుపు తట్టిన ఆడపిల్లను జమాఅత్‌కు అప్రతిష్ఠ తెచ్చిందని నిందించడం ఎంతమాత్రం ధర్మం కాదు.

హజ్రత్ ఫాతిమా బిన్తె ఖైస్ (రజి)కి ఒకేసారి రెండు సంబంధాలు వచ్చాయి. ఆమె సలహా అడగగా, అబూ జహ్మ్ భుజం మీది కర్ర దించడని ప్రవక్త (సఅసం) సూటిగా చెప్పారు. ముఆవియా (రజి) నిరుపేద అన్నారు. ఉసామా (రజి)ని చేసుకోమన్నారు (ముస్లిం). వివాహ విచారణలో ఉన్నదున్నట్లు చెప్పడం గీబత్ కాదని ధర్మవేత్తలు దీని నుండే గ్రహించారు. కనుక మీ వీధి కుర్రాడి గురించి ఆడపిల్లవారు వాకబు చేయడానికి వస్తే నమాజీయేననీ, జీతం ఇంతనీ చెప్పి పంపేయకండి. అతను చేయి చేసుకునే మనిషని మీకు స్వయంగా తెలిసి ఉంటే, వారు అడగకపోయినా ఆ మాట చెప్పండి.