గూట్లో అంబారీ ఏనుగు

మా అమ్మ కొన్న కొండపల్లి అంబారీ ఏనుగు 20 ఏళ్లుగా షోకేసులో స్టీలు గ్లాసుల వెనకే ఉండిపోయింది. మొన్న దాన్ని బయటికి తీసి, పొడి గుడ్డతో తుడిచి, హాల్లో గోడ గూట్లో ఒక్కదాన్నే పెట్టాను. అప్పుడు కనిపించింది మావటి మీసం! సన్నటి కుంచెతో దిద్దిన ఒక్క గీత. ఎంత ఓపికో ఆ చేతిది! తెల్ల పొణికి చెక్క బొమ్మ కదా, తడి తగలనివ్వకూడదు.

కింది గూట్లో ఏటికొప్పాక లక్క బొమ్మలు రెండే ఉంచాను, నేరుగా ఎండ పడకుండా. అన్నీ ఒకేచోట కిక్కిరిస్తే ఏదీ కంటికి ఆనదు. మిగిలినవి సంక్రాంతి బొమ్మల కొలువుకి దాచాను.

బొమ్మల్ని పిల్లల కళ్లకు అందే ఎత్తులో పెట్టండి. నిన్న మా మనవరాలు గూటి ముందు చాలాసేపు నిలబడి, "అమ్మమ్మా, ఈ ఏనుగు ఏ ఊరెళ్తోంది?" అని అడిగింది.