ముసలమ్మ మరణం: భయానక పఠనం, సమ్మతి ప్రశ్న

పాత భయానక కథను ఆధునిక రచయిత తిరిగి చెప్పినప్పుడు భయానికి ఆలంబనం మారుతుంది. మేరీ షెల్లీ 1818 నాటి ‘ఫ్రాంకెన్‌స్టైన్’లో వికృతరూపి తన గోడు తానే చెప్పుకొంటుంది. అది విన్న పాఠకుడికి ఆ ప్రాణి కంటే, దాన్ని సృష్టించి వదిలేసిన మనిషే ఎక్కువ భయం పుట్టిస్తాడు. గోథిక్ అన్న పేరు లేకపోయినా ఇటువంటి పఠనానికి తావిచ్చే పునఃకథనం తెలుగులో ఒకటుంది. అది కట్టమంచి రామలింగారెడ్డి ‘ముసలమ్మ మరణం’ (1900). సాహిత్య చరిత్రలు దాన్ని ఆధునిక ఖండకావ్యానికి నాందిగా, విషాదాంత కావ్యంగా పేర్కొంటాయి. భయానక దృష్టితో దాన్ని చదివిన సందర్భాలు అరుదు.

బ్రౌన్ వెలుగులోకి తెచ్చిన అనంతపుర చరిత్రలోని ఐతిహ్యం ఈ కావ్యానికి మూలం. బుక్కరాయసముద్రం చెరువు నిండి కట్ట తెగబోతుంది. బసిరెడ్డి చిన్న కోడలు ముసలమ్మను బలి ఇస్తేనే కట్ట నిలుస్తుందని దైవవాణి పలుకుతుంది. ఆమె బిడ్డను, భర్తను విడిచి నీటిలోకి నడుస్తుంది. పాశ్చాత్య గోథిక్ కథలోని పాడుబడ్డ కోట ఇక్కడ లేదు. దాని స్థానంలో తెగబోతున్న కట్ట ఉంది. దెయ్యానికి బదులు ఆకారం లేని గొంతు ఉంది. ఆ గొంతు ఒక ఇంటి కోడలిని పేరు పెట్టి అడగటమే కథలో అన్నిటికంటే భయంకరమైన ఘట్టం.

ముసలమ్మ ఇష్టపూర్వకంగా వెళ్లినట్టు చిత్రించటంతో భయానకం దయావీరంగా మారుతుంది. పాఠకుడు చేతులు జోడిస్తాడు. నైతిక చిక్కు ఇక్కడే ఉంది. దయావీరానికి ఆలంకారికులు చూపే ఉదాహరణ హర్షుని ‘నాగానంద’ నాయకుడు జీమూతవాహనుడు. గరుడునికి ఆహారం కావలసిన వంతు శంఖచూడునిది. జీమూతవాహనుణ్ణి ఎవరూ పిలవలేదు, అతడు మరొకరి వంతును తానై తీసుకొన్నాడు. ముసలమ్మకు ఆ వెసులుబాటు లేదు. ఆమె పేరు ముందే పలకబడింది, వింటున్నది ఊరంతా. అంతమంది ప్రాణాలు తన జవాబు మీద ఆధారపడినప్పుడు ఇచ్చిన సమ్మతి అబద్ధం కాకపోవచ్చు, కాని స్వేచ్ఛ కూడా కాదు. ఆమె ధైర్యాన్ని శంకించవలసిన పని లేదు. ఆ ధైర్యం ఊరివారి బాధ్యతను రద్దు చేస్తుందా అన్నదే ప్రశ్న.

కన్నడ జానపద కథాగేయం ‘కెరెగె హార’లోనూ చెరువుకు ఆహుతయ్యేది చిన్న కోడలు భాగీరథే. పెద్ద కోడలిని ఇస్తే ఇంటి పెద్దరికం చూసేవారుండరన్న లెక్క అక్కడ బాహాటంగానే ఉంది. భార్య మరణం తెలిసిన భర్త అదే చెరువులో దూకుతాడు. జానపదుల గొంతులో ఆ పాటి నిరసన మిగిలింది.

అనంతపురానికి దక్షిణంగా బెంగుళూరు దారిలో ఉన్న రాప్తాడు వంటి మెట్ట ప్రాంతపు పాఠకుడు ఈ కావ్యాన్ని ఎలా చదువుతాడన్నది కూడా ఆలోచించదగినది. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురిసే జిల్లా అది. అక్కడ చెరువు నిండటమే అపురూపం, నిండిన చెరువు తెగటం రెండింతల నష్టం. 2024 అక్టోబరులో కనగానపల్లి చెరువు తెగి, పండమేరు వంక పొంగి, అనంతపురం శివారు కాలనీలు మునిగాయి. అభినవగుప్తుడు చెప్పిన రసవిఘ్నాలలో, దేశకాల విశేషాలకూ తన సుఖదుఃఖాలకూ సహృదయుడు కట్టుబడి ఉండటం కూడా ఉంది. ఆ లెక్కన ఈ మెట్ట పాఠకుడు మంచి సహృదయుడు కాడు. కాని ఈ కావ్యం విషయంలో ఆ విఘ్నమే మేలు చేస్తుందనిపిస్తుంది. చెరువుతో పని లేని పాఠకుడు బలిని మూఢనమ్మకమని తేలికగా తోసివేయగలడు. కట్ట తెగితే ఏమవుతుందో తెలిసినవాడు, ఆ రాత్రి అక్కడ ఉంటే తానూ ముసలమ్మ వైపు తిరిగి చూసేవాడినేనని గుర్తిస్తాడు. అప్పుడు అతని భయం దైవవాణి మీద ఉండదు. గట్టున నిలిచినవారి మీదికి, అంటే తన మీదికే మళ్లుతుంది.

ఈ పాఠకుడికి తెలిసిన మరో విషయం ఉంది. రాయలసీమలో చెరువుల నిర్మాణానికి, మరమ్మతులకు దశబంధం ఇనాములిచ్చే పద్ధతి ఉండేది. మాన్యం అనుభవించేవారు కట్టను కాపాడాలి. అంటే కట్ట బలహీనపడినప్పుడు జవాబు చెప్పవలసిన మనుషులు ఈ సీమకు కొత్త కాదు. దైవవాణి వినిపించాక కథలో ఆ మనుషులకు చోటు లేదు. ‘ఎవరు చూసుకోవలసింది’ అన్న ప్రశ్న ‘ఎవరిని ఇవ్వాలి’గా మారిపోతుంది. తరువాత ముసలమ్మ దేవత అయింది, కట్టకు ఆమె పేరే నిలిచింది. మొక్కు చెల్లించటానికి వచ్చినవారు దేవతను క్షమాపణ అడగరు, వానలు అడుగుతారు.