పందెగాడికి హితవు

నాయనా, నీ ప్రశ్న విన్నాను. క్రికెట్ ఒక్కదాన్నే క్షుణ్ణంగా చదివి పందెం కాయాలా, కబడ్డీ, ఫుట్‌బాల్, సంక్రాంతి కోళ్లు కూడా కలుపుకోవాలా అని అడుగుతున్నావు. అడిగావు కనుక దాచకుండా చెబుతాను. పది ఆటల మీద కాసేవాడు త్వరగా నష్టపోతాడు. ఒక్కదాన్నే పట్టి చదివినవాడు నెమ్మదిగా నష్టపోతాడు. ఆ రెండింటికీ తేడా అంతే.

లెక్క చూడు. సమానమైన రెండు జట్ల మీద బుకీ రూపాయికి తొంభై పైసలు ఇస్తాడనుకో. వందేసి రూపాయలతో 100 పందేలు కాసి సగం గెలిస్తే 4,500 వస్తాయి, 5,000 పోతాయి. 52 గెలిచినా నష్టమే. 53 గెలిస్తే మిగిలేది 70 రూపాయలు. యాభైకి పైన ఆ మూడు గెలుపులు ఎక్కడి నుంచి తెస్తావు? పిచ్ తీరు, బౌలరు గాయం నీకు తెలిసేలోగా బుకీకి తెలుస్తాయి. ఆ ఎరుకనంతా ధరలో కలిపే నీ ముందు పెడతాడు.

నలుడు అక్షహృదయమనే పాచికల విద్య నేర్చి గెలవలేదా అంటావేమో. మన ఊరు జొన్నాడకు ఎగువన, ఇదే గోదావరి ఒడ్డున, రాజమహేంద్రవరంలో 11వ శతాబ్దంలో నన్నయ ఆ కథను తెలుగు చేశాడు. చివరిదాకా చదువు. ఋతుపర్ణ మహారాజు ఆ విద్య చెప్పేనాటికే నలుడికి రాజ్యం పోయింది. అడవిలో భార్యను విడిచాడు. బాహుకుడై పరుల రథం తోలాడు. గెలిచాక, మునుపు తనను ఓడించిన పుష్కరుణ్ణి మన్నించి పంపి రాజ్యం ఏలుకున్నాడే గాని పాచికలతో బతకలేదు. ఇక ధర్మరాజు తమ్ముళ్లనూ తననూ ద్రౌపదినీ ఒడ్డడానికి ఎన్ని ఆటలు కావలసివచ్చాయి? ఒక్కటే చాలింది. పల్నాటిలో ఒక్క కోడిపందెం మాచర్లవారిని వలస పంపి, కారంపూడి రణానికి దారితీసింది.

చట్టమూ పందెం వద్దనే చెబుతోంది. 2020లో మన ఆంధ్రప్రదేశ్ 1974 నాటి జూద చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ జూదాన్ని నిషేధించింది. 2025లో పార్లమెంటు డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా నిషేధించింది.

ఒక్క విద్యను లోతుగా పట్టాలన్న నీ బుద్ధి మంచిదే. దాన్ని పెట్టిన చోటే తప్పు. కొబ్బరికి తెల్లదోమ ఎందుకు పడుతోందో, అరటి ఆకుమచ్చ తెగులును ఎలా అదుపు చేయాలో, వంతెన అవతల రావులపాలెంలో గెల ధర ఎందుకు పడిపోతోందో ఏళ్ల తరబడి గమనించు. ఆ ఎరుక మీద ఎవడూ కమీషన్ కోయడు. నీ గెలుపు కోసం మరొక ఇల్లు ఓడనక్కరలేదు.

ఇప్పటికే అప్పు ఉంటే దాన్ని తీర్చడానికి మరో పందెం కాయకు. ఈ రోజే ఇంట్లో చెప్పు. తిట్లు పడితే పడు. డబ్బు మళ్లీ సంపాదించవచ్చు, ప్రాణాన్ని సంపాదించలేం. తల్లిదండ్రులారా, బిడ్డ నిజం చెప్పిన రోజున ముందు వాణ్ణి దగ్గరకు తీసుకోండి. అప్పు లెక్క ఆ తర్వాత అడగండి.