దేవద్రవ్యము - సంఘ పెద్దల బాధ్యత

దీపావళి మహావీరస్వామి నిర్వాణ దినము. ఆ రాత్రి దీపము వెలిగించిన చేతితోనే శ్రావక వర్తకుడు క్రొత్త ఖాతా పుస్తకమునకు కుంకుమ పెట్టి పూజ చేయును. అంతకుముందే పాత కిర్దు సరిచూచి, రావలసినవి ఈయవలసినవి వేరుచేసి, నిలువ తేల్చియుండును. ఒక్క రూపాయి తేడా వచ్చినను గుమాస్తాకు ఆ రాత్రి నిద్ర యుండదు. ఇట్టి వర్తకులే సంఘమునకు ట్రస్టీలు. అయినను పెక్కుచోట్ల మందిరపు లెక్క మాత్రము ఏండ్ల తరబడి ఒక పెద్దగారి బీరువాలో నిద్రించుచుండును. ఎవరైన అడిగినచో, “ఏమయ్యా, వారినే శంకించుచున్నావా?” అని నలుగురును అతనిపై లేతురు.

ఆ ఒక్క మాట సంఘములకు చేసిన చెరుపు దొంగలు కూడ చేసియుండరు. దుకాణములో తమ్ముని లెక్క అన్న చూచుట శంక కాదు, పద్ధతి. గుడి లెక్క దగ్గర మాత్రము ఆ పద్ధతి అవమానమెట్లైనది?

ఉమాస్వాతి తత్త్వార్థసూత్రము ఏడవ అధ్యాయములో సత్యాణువ్రతమునకు అయిదు అతిచారములు చెప్పబడినవి. వానిలో కూటలేఖక్రియ యొకటి, న్యాసాపహారమొకటి. మొదటిది దొంగ వ్రాత. వర్తకులకు దాని వివరణ అక్కరలేదు. రెండవదానిని వ్యాఖ్యాతలు విప్పి చెప్పిన తీరు మాత్రము గమనింపదగినది. ఒకడు సొమ్ము దాచుకొని, కొంతకాలమునకు వచ్చి, ఎంత దాచెనో మరచి తక్కువ అడుగును. దాచినవాడు “అవును, అంతే” అనును. అతడు పెట్టె పగులగొట్టలేదు, తాళము తీయలేదు, ఉత్త “అవును” అన్నాడు. అందుచేతనే కాబోలు దీనిని దొంగతనములో గాక అసత్యములో చేర్చినారు. ఇక మందిరమునకు సొమ్మిచ్చినవాని సంగతి చూడుడు. తాత యిచ్చినది మనుమనికి తెలియదు. జినబింబము నోరు తెరచి అడుగదు. అడుగువాడు లేనిచోట ట్రస్టీ తానై లెక్క చెప్పనిచో, ఆ మౌనము పై “అవును” కంటె ఏమి తక్కువ?

రత్నశేఖరసూరి పదునైదవ శతాబ్దిలో రచించిన శ్రాద్ధవిధిలో సాగరశ్రేష్ఠి కథ యున్నది. పర్యుషణములో వినని యింటివారరుదు. సాకేతపురములో చైత్యము కట్టుచుండగా శ్రావకులు దేవద్రవ్యము సాగరశ్రేష్ఠి చేతికిచ్చి, పనివారికి కూలి ఈయుమనిరి. అతడు రొక్కమీయక, ఆ సొమ్ముతోనే ధాన్యము, బెల్లము, నూనె, వస్త్రములు చవుకగా కొని, కూలివారికి హెచ్చు ధరకు లెక్కగట్టి యిచ్చెను. మిగిలిన లాభము తానుంచుకొనెను. అది ఎంత? వేయి కాకిణులు, ఆ కథలోని లెక్కనే పట్టుకొన్నచో పండ్రెండున్నర రూపాయలు. గుడి సొమ్ము గుడికి చేరినది, కూలివారికి కూలి ముట్టినది. దుకాణదారుడెవడైనను దీనిని తప్పనక తెలివి యనును. ఆ తెలివికే అతడు జన్మజన్మలు నీచగతులలో తిరిగి, కడకు నిష్పుణ్యకుడై పుట్టి, కేవలి వలన కారణము తెలిసికొని, తీసికొన్నదానికి వేయింతలు తీర్చుటకు పూనుకొనెనట.

ఈ కథ దుర్మార్గుని కథ కాదు, సమర్థుని కథ. నేటి సంఘములలో సాగరశ్రేష్ఠి సున్నము, సిమెంటు, పాలరాయి సరఫరా చేయును. “మన దుకాణముండగా బయట కొనుట ఎందుకు, ధర తక్కువే గదా” అనును. నిజముగ తక్కువే కావచ్చును. అయినను ఆ ధరను నిర్ణయించు కూటమిలో అతడే కూర్చుండరాదు. తన బేరము చర్చకు వచ్చినప్పుడు లేచి వెలుపలికి పోవలెను. పోయినట్లు కూటమి పుస్తకములో వ్రాయవలెను. మరి రెండు దుకాణముల ధరలు తెప్పించి దానితో జతపరచవలెను. అతని నిజాయితీకి అదియే కాపు.

మందిరపు రొక్కమును తన వ్యాపారములో పెట్టి, వడ్డీ కట్టుచున్నాను గదా యనువారును కలరు. ఆ వ్యాపారము కూలిన నాడు ఆ వడ్డీ యెక్కడ? సొమ్ము బ్యాంకులో సంఘము పేర నుండవలెను; తీయుటకు ఇద్దరి సంతకములు కావలెను. ఆ యిద్దరును ఒక్క యింటివారు కారాదు.

సప్తక్షేత్రముల సంగతి శ్వేతాంబర మూర్తిపూజక సంఘములలో పిల్లలకును తెలియును: బింబము, మందిరము, ఆగమము, సాధువు, సాధ్వి, శ్రావకుడు, శ్రావిక. పై క్షేత్రపు ద్రవ్యము క్రిందికి దిగరాదనునది మర్యాద. పుస్తకములో మాత్రము అన్నిటికి ఒకటే ఖాతా! ఉపాశ్రయపు దీపముల బిల్లు, భోజనశాల బియ్యము అందులోనుండియే పోవును. దేవద్రవ్యము, జ్ఞానద్రవ్యము, సాధారణద్రవ్యము వేరువేరు ఖాతాలుగా నుండవలెను. సాధారణ ఖాతా ఎప్పుడును ఎండియే యుండును గనుక, దానికి వేరుగ చందా అడుగుటకు పెద్దలు సిగ్గుపడరాదు.

ఇక బోలీ. పదునాలుగు స్వప్నముల వేళ ఉత్సాహముగా పాట పెంచినవాని పేరు జయజయధ్వానములతో వినబడును. ఆ సొమ్ము మరుసటి పర్యుషణము నాటికిని “రావలసినది”లోనే యుండుట కొన్నిచోట్ల వింత కాదు. బోలీ పలికిన క్షణముననే అది దేవుని ఋణము. ఆ పద్దు ఏ ఖాతాకు పోవునో పాటకు ముందే చెప్పవలెను. బాకీల పట్టీ సంవత్సరమునకొకసారి సంఘము ముందు చదువవలెను. పెద్దల బాకీయే ముందు చదివినచో తక్కినవారు తామే తెచ్చియిత్తురు.

అహమ్మదాబాదులోని ఆనందజీ కల్యాణజీ పేఢీ పేరు వినినవారు అది ఎవరో యిద్దరు సేఠుల పేరనుకొందురు. అది మనుష్యుల పేరు కాదు. ఆనందము, కల్యాణము అను శుభపదముల కూర్పు. సంస్థకు ఎవరి పేరును లేకుండుటలోనే ఒక నీతి యున్నది. 1880లో సంఘముల ప్రతినిధులు కూడి దానికి నిబంధనలు వ్రాసికొనిరి. ఊరూరి ప్రతినిధులకు అందులో చోటు కలదు. శత్రుంజయ యాత్రికుల పన్ను విషయమై పాలితానా దర్బారుతోనుండిన ఒడంబడిక 1926లో ముగిసి వివాదము పెరుగగా, యాత్రికులు రెండేండ్లు ఆ కొండకే పోక మానిరి. 1928లో ఏటా 60,000 రూపాయల చొప్పున 35 ఏండ్లకు రాజీ కుదిరినది. ఆదీశ్వరుని దర్శనము మానుకొమ్మనుట సామాన్యమా? లెక్క తెలిసిన పేఢీ మాట గనుక దేశమంతటి సంఘము వినినది. కస్తూర్‌భాయి లాల్‌భాయి 1926 నుండి సుమారు 50 ఏండ్లు దానికి అధ్యక్షుడుగా నుండెను. అట్టివారు అరుదు. ప్రతి యూరి సంఘము అట్టివాడు దొరకునను ధీమాతో నిబంధనలు మానుకొనరాదు; మూడేండ్లకో అయిదేండ్లకో ట్రస్టీలలో కొందరు దిగి, కొందరు ఎక్కుటయే క్షేమము.

ప్రభుత్వము లెక్కలడుగుట ధర్మములో జోక్యమని కొందరందురు. బొంబాయి పబ్లిక్ ట్రస్టుల చట్టము 1950లో వచ్చినప్పుడు ఒక జైన మందిరపు నిర్వాహకుడే సుప్రీంకోర్టు దాక పోయెను. 1954 తీర్పులో న్యాయస్థానము రెండును చెప్పినది: మతధర్మ నిర్ణయము సంఘముదే; ఆస్తి పాలనను చట్టము క్రమపరచవచ్చును. మతకార్యమునకిచ్చిన సొమ్మును వేరొక పనికి మరల్చు అధికారమును మాత్రము ఒప్పుకొనలేదు. దాత సంకల్పమునకు కోర్టు చూపిన మన్నన ట్రస్టీలును చూపవలెను గదా.

స్వస్థలము విడిచి పరరాష్ట్రములలో స్థిరపడిన తెలుగు కుటుంబములకు మరొక చిక్కు. సంఘము రిజిస్టరు కాకముందు స్థలము కొన్నప్పుడు దస్తావేజు ఒక పెద్దమనిషి పేర వ్రాయింతురు. ఆయన సజ్జనుడే. ఆయన పోయిన తరువాత వారసులు ముగ్గురు. వారిలో ఒకనికి అప్పులు. అప్పుడు మందిరపు గోడ కోర్టులో సాక్ష్యము చెప్పవలసివచ్చును. ఆ పెద్దమనిషి బ్రతికియుండగానే, అందరి యెదుట, దస్తావేజు ట్రస్టు పేర మార్పించుట ఆయనకే గౌరవము. పదవి దిగు ట్రస్టీ బీరువా తాళములు, ఆభరణముల పట్టీ, దస్తావేజులు, కూటమి పుస్తకము, నిలువ రొక్కము సభలో లెక్కపెట్టి క్రొత్తవారి చేతికిచ్చి, వారి సంతకము తీసికొని ఇంటికి పోవలెను.