కొలిమిలోని ఇనుము

చోడవరము చెరకు సీమ. 2022లో అనకాపల్లి జిల్లాలో చేరువరకు ఇది విశాఖపట్టణము జిల్లాలోనిది. గోవాడ సహకార చక్కెర కర్మాగారమునకును, బెల్లపు వంటకును పేరుగన్న ఈ ప్రాంతమున చెరకు వేసిన ప్రతి ఇంటను నరకు కత్తి యుండును. ఆ కత్తి పుట్టినిల్లు కొలిమి. ఇంట ఆపద కలిగినపుడు ఇరుగుపొరుగువారు చెప్పు ఓదార్పు మాటయు కొలిమినుండి వచ్చినదే: “భగవంతుడు కమ్మరివంటివాడు, దెబ్బ కొట్టినది మన మంచికే.” బిడ్డను పోగొట్టుకొన్న తల్లితో ఈ మాట అనదగునా?

కమ్మరి పనిని నిలిచి చూచినవారు ఈ ఉపమానమును అంత తేలికగా వాడరు. పాత లారీ కమాను పట్టీ ముక్కను బొగ్గులలో నుంచి, తిత్తి ఊది, ఎరుపు దాటి పసుపువన్నె వచ్చువరకు కమ్మరి వేచియుండును. అప్పటి వేడి సుమారు 1100 డిగ్రీలు. పిదప పటకారుతో దాగలిపైకి తెచ్చి సమ్మెటతో సాగగొట్టును. ఇనుము లోని పొరలు తెగిపోక కత్తి వంపు వెంట ఒదుగును. పోతపోసిన వస్తువునకు ఆ బిగువు రాదు. వన్నె తగ్గగానే సమ్మెట ఆగును, ఇనుము మరల కొలిమిలోనికి పోవును. చల్లారినదానిని కొట్టిన బీటలు వారును. మితిమీరి కాల్చిన రవ్వలు చిమ్మి లోలోపల మాడిపోవును. ఆ పైని ఎంత నేర్పరియైనను దానిని బాగుచేయజాలడు. దెబ్బ యెల్ల మేలే యని కొలిమి ఎన్నడును చెప్పలేదు. పైగా ఇనుమునకు నొప్పి లేదు, తల్లికి కలదు.

శాస్త్రమున ఇట్టి మాట లేదా యన్న, కలదు. తాను ఎవనిని అనుగ్రహింతునో వాని ధనమును మెల్లమెల్లగా హరింతునని భాగవత దశమస్కంధమున శ్రీకృష్ణుడు ధర్మరాజుతో పలికెను. అయితే అది స్వామి తన్ను గూర్చి తాను చెప్పిన మాట; పొరుగింటివారు ఎరువు తెచ్చుకొని చెప్పదగినది కాదు. చెప్పినదియు ధనమును గూర్చియే గాని బిడ్డలను గూర్చి కాదు. “మెల్లమెల్లగా” అన్న పదమును చాలమంది మరతురు.

దయ యనగా పరుల దుఃఖమునకు తాను దుఃఖించుట యని తెంగలై పెద్దలు, పరుల దుఃఖమును తొలగింపగోరుట యని వడగలై పెద్దలు నిర్వచించిరి. ఈ వాదము శతాబ్దములుగా నడచినది. ఏ పక్షమువారును దయకు సమ్మెటను గుర్తుగా చెప్పలేదు. ప్రజలకు ఆపద కలిగినపుడు రాముడు మిక్కిలి దుఃఖించునని అయోధ్యకాండలో సభాసదులు దశరథునితో పలికిరి. వారు అతనిని రాజుగా కోరుటకు చెప్పిన కారణములలో ఇదియు నొకటి.

ఏమియు బోధింపక ఆ తల్లి ప్రక్కన కొంతసేపు కూర్చుండి పోవువారును పల్లెలలో లేకపోలేదు. కొలిమిలో సైతము పని సమ్మెటతో ముగియదు. ఎర్రగా కాల్చి నీట ముంచిన కత్తి మిక్కిలి గట్టిపడును గాని, ఆ స్థితిలో గాజువలె పెళుసుగానుండి చిన్న తాకిడికే విరుగును. అందుచేత కమ్మరి దానిని మరల సన్నని సెగపై పట్టి, అంచు గోధుమవన్నెకు తిరుగువరకు కనిపెట్టుకొని యుండును. అంతసేపును సమ్మెట దాగలి ప్రక్కన ఊరక పడియుండును.